నీలి సిరాతో దిద్దిన వయసు: ఒక బాల్యవివాహం రద్దు కేసు

2024 ఏప్రిల్ రెండో వారం. మధ్యాహ్నం రెండు దాటింది. కావలి కోర్టు నుంచి వచ్చి క్యారియర్ విప్పబోతుంటే ఒక అమ్మాయి చంకలో రెండున్నరేళ్ల బాబుతో గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో బట్టల షాపు కవరు, అందులో ఆధార్ కార్డు, తల్లీబిడ్డ కార్డు, రెండు పెళ్లి ఫొటోలు. "విడాకులు కావాలక్కా" అంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఎందుకమ్మా అని అడిగాను. కొట్టడం గురించి, తాగుడు గురించి తర్వాత చెప్పింది గానీ ముందు అన్న మాట ఇది: "నేను పది పాసయ్యానో లేదో కూడా నాకు తెలీదక్కా."

ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పను, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు నడుస్తోంది కాబట్టి చెప్పకూడదు కూడా. మాది చిన్న బృందం. ముగ్గురం లాయర్లం, ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్, ఒకప్పుడు అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీర్లుగా తిరిగిన ఇద్దరు పెద్దమ్మలు. నెల్లూరు జిల్లా ఉత్తరాన కావలి చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల కేసులు, పిల్లల కేసులు చూస్తాం. ఢిల్లీలో చట్టం మార్చేంత స్తోమత మాకుందని ఎప్పుడూ అనుకోలేదు. ఈ కేసు తర్వాత ఆ విషయంలో నా ఆలోచన కొంచెం మారింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పెళ్లి 2020 జూన్ మొదట్లో జరిగింది. లాక్‌డౌన్ అప్పుడప్పుడే సడలిస్తున్నారు. పెళ్లికి యాభై మందికి మించకూడదని రూలు. పదో తరగతి పరీక్షలు వాయిదా పడ్డాయి, జూలైలో పెడతామంటున్నారు. బడి లేదు, టీచర్లు ఇళ్లకు రావడం లేదు, పిల్ల ఇంట్లో ఉంది. అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు, కళ్లు మూసేలోపు కొడుకు పెళ్లి చూడాలంది. ఆ కొడుకే ఈ అమ్మాయికి సొంత మేనమామ, అప్పటికి ఇరవై ఏడేళ్లు, రొయ్యల గుంటల దగ్గర పని. మేనరికం కాబట్టి పిల్ల బయటికి పోదు, కట్నం లేదు, యాభై మందే కాబట్టి భోజనాల ఖర్చు లేదు. ఊరి రాములవారి గుడి ముందు పందిరేసి తాళి కట్టించారు. జూన్ 20న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి అందరూ పాసైనట్టే అని ప్రకటించే నాటికి ఈ అమ్మాయి మెడలో తాళి పడి రెండు వారాలైంది. ఆ పాస్ మెమో తెచ్చుకోవడానికి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా బడికి పంపలేదు.

నేను మొదట అడిగింది పుట్టిన తేదీ. జూనియర్ లాయర్లెవరైనా చదువుతుంటే గట్టిగా చెప్తున్నా, బాల్యవివాహం అని తెలిసిన నిమిషంలోనే క్యాలెండర్ తీయండి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం సెక్షన్ 3 ప్రకారం, పెళ్లినాటికి మైనర్‌గా ఉన్నవాళ్లు ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగొచ్చు, కానీ మేజర్ అయ్యాక రెండేళ్లు నిండేలోపే అడగాలి. అమ్మాయికైతే ఇరవై నిండేలోపు. తను పుట్టింది 2004 జూలైలో. అంటే మా చేతిలో ఉన్నది మూడు నెలలు, అందులో మే నెల సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, దాని మీద మే 13న ఎన్నికలు. ఆ రోజు నాకు పట్టుకున్న టెన్షన్ పిటిషన్ నంబరయ్యేదాకా వదల్లేదు.

విడాకులకు, రద్దుకు తేడా ఏంటని అమ్మాయి అడిగింది. విడాకులంటే పెళ్లి సరిగ్గానే జరిగింది, తర్వాత చెడింది అని మనం ఒప్పుకుంటున్నట్టు. రద్దు అంటే, నువ్వు పిల్లవి, నీకు తెలిసీ తెలియని వయసులో కట్టిన ముడి నిన్ను పట్టి ఉంచదు అని కోర్టు చెప్పడం. తన ముఖంలో ఏదో మారింది. "అట్టయితే నాకు పెళ్లి కానట్టేనా?" అంది. కాయితం మీద అంతే అన్నాను. వెంటనే బాబు వైపు చూసింది. ఏం అడగబోతోందో అర్థమై నేనే చెప్పాను, పెళ్లి రద్దయినా బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే, సెక్షన్ 6లో ఆ మాట విడిగా రాసుంది. మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మనోవర్తి, ఉండటానికి చోటు సెక్షన్ 4లో, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది సెక్షన్ 5లో, పెళ్లప్పుడు ఇచ్చిన బంగారం, డబ్బు తిరిగి ఇచ్చుకోవాలన్నది సెక్షన్ 3లోనే.

ఈ సెక్షన్లు వాటంతటవే వచ్చి అక్కడ కూర్చోలేదు. 1929 శారదా చట్టం కోసం అఖిల భారత మహిళా సభ గట్టిగా పోరాడింది. అయినా ఆ చట్టం పెళ్లి చేసినవాళ్లకు శిక్ష వేసిందే గానీ జరిగిపోయిన పెళ్లిని ముట్టుకోలేదు. మా నాయనమ్మ వాళ్లమ్మ పెళ్లి ఆ చట్టానికి భయపడి చేసిందే. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని తెలిసి అంతకుముందు నెలల్లో ఎక్కడెక్కడి పసిపిల్లలకూ ముడులేశారు, ఆమెకు అప్పుడు ఏడేళ్లు. ఆ తర్వాత 1976లో హిందూ వివాహ చట్టంలో ఒక దారి పెట్టారు, కానీ అది పదిహేనేళ్లలోపు పెళ్లయిన ఆడపిల్లలకే, అదీ పద్దెనిమిది నిండేలోపే. మా అమ్మాయికి పెళ్లినాటికి పదిహేనేళ్ల పదకొండు నెలలు. పదకొండు నెలల తేడాలో ఆ దారి మూసుకుపోయింది. మహిళా సంఘాలు, జాతీయ మహిళా కమిషన్ ఏళ్ల తరబడి అడగ్గా, ఎంతమంది ఆడపిల్లలు పెద్దయ్యాక కూడా బయటికి రాలేక ఇరుక్కుపోయారో ముందుపెట్టి వాదించగా వచ్చింది 2006 చట్టం. 2007 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. అది లేకపోతే ఆ మధ్యాహ్నం నేను అమ్మాయికి చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఇక అసలు చిక్కు. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-2001. మన పల్లెల్లో జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కపెడితే తెలుస్తుంది. క్యాంపు పెట్టినప్పుడు కాయితాలు లేనివాళ్లకు ఏదో ఒక ఏడాది అనుకుని ఆ తేదీ కొట్టేశారు. దాని ప్రకారం పెళ్లినాటికి పందొమ్మిదేళ్లు. సరే, అది ఎదురుచూసిందే. నన్ను నిజంగా ఆపింది తల్లీబిడ్డ కార్డు. 2021 మార్చిలో, గర్భం మూడో నెలలో ఆస్పత్రిలో రాయించుకున్న కార్డు అది. 'వయస్సు' అన్న గడిలో ఎవరో మొదట 16 అని రాశారు. దాని మీద నీలి బాల్‌పెన్నుతో రెండుమూడుసార్లు గట్టిగా దిద్ది 20 చేశారు. ఒకటి రెండైంది, ఆరు సున్నా అయింది. వెలుతురుకు పెట్టి చూస్తే కింద ఆరు తోక ఇంకా కనిపిస్తుంది. కార్డు వెనక్కి తిప్పితే ఆ అంకె అట్టమీద వేలికి తగులుతుంది, అంత నొక్కి దిద్దారు.

ఎవరు దిద్దారో అమ్మాయికి తెలుసు. తనకు టీకాలు వేసిన నర్సమ్మే. ఆమె చెడ్డమనిషి కాదు, ఆమె పేరు బయట పెట్టడం నాకిష్టం లేదు. "పదహారని ఉంటే కేసవుతుంది, మీ మామని పట్టుకుపోతారు, నన్నూ అడుగుతారు" అందట. చట్టం నిజంగా అలాగే ఉంది. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే. గర్భంతో వచ్చిన పదహారేళ్ల పిల్లకు కార్డు రాయడమంటే తెలిసినట్టే. పిల్ల ఆస్పత్రికి రావడం మానేస్తుందేమోనని ఆమె భయం, తనమీదికి వస్తుందని ఇంకో భయం. అంకె మార్చేసింది. ఆ ఒక్క అంకె వల్ల అమ్మాయికి ఐరన్ మాత్రలు అందాయి, స్కానింగ్ అయింది, కాన్పు ఆస్పత్రిలో అయింది. మూడేళ్ల తర్వాత అదే అంకె కోర్టులో తనకి ఎదురు నిలబడింది.

మరి పెళ్లి చేసుకున్న మొగుడి మీద ఆ కేసు ఎలా అవుతుందని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. 2017 దాకా కాకుండానే ఉండేది. భార్యకు పదిహేనేళ్లు దాటితే భర్త చేసింది అత్యాచారం కాదని పాత శిక్షాస్మృతి 375వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉండేది. ఇండిపెండెంట్ థాట్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాళ్ల వాదన చాలా సూటిగా ఉంటుంది. పోక్సో ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లంతా పిల్లలే, బాల్యవివాహ చట్టం ప్రకారమూ పిల్లలే, మరి తాళి కట్టించుకున్న పిల్ల ఒక్కతే ఎలా పిల్ల కాకుండా పోయింది? 2017 అక్టోబర్ 11న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఆ పదిహేనును పద్దెనిమిదిగా చదవాలని తీర్పిచ్చారు. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పద్దెనిమిది అనే రాశారు. ఒక సంస్థ వేసిన ఒక రిట్ దేశం మొత్తానికి చట్టంలో అంకె మార్చింది. ఆ తీర్పు వచ్చిన రోజు మేం ఆఫీసులో మిఠాయి పంచుకున్నాం, ఇప్పుడైనా అది సరైన తీర్పనే అంటాను. కానీ అది సముద్రపొడ్డు ఊళ్లో చిన్న ఆరోగ్య సబ్‌సెంటర్‌కి వచ్చేసరికి నీలి సిరాగా మారిందన్నది కూడా నిజమే కదా.

రుజువుల కోసం తిరగడం మొదలుపెట్టాం. బాలల న్యాయ చట్టం సెక్షన్ 94 వయసు తేల్చడానికి ఒక వరస చెప్తుంది. ముందు బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీయో మునిసిపాలిటీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మా కేసు ఆ చట్టం కింద కాకపోయినా ఆ వరస మాకు పనికొస్తుందనుకున్నాం. మా హెడ్‌మిస్ట్రెస్ గారు అమ్మాయిని వెంటబెట్టుకుని బడికి వెళ్లారు. పాస్ మెమో నాలుగేళ్లుగా బీరువాలో పడుంది. అది చేతికిచ్చాక అమ్మాయి బెంచీ మీద కూర్చుని తన పేరు చాలాసేపు చదువుకుందట. పుట్టిన తేదీ 2004 జూలై. అడ్మిషన్ రిజిస్టర్లో 2010లో ఒకటో తరగతిలో చేర్చినప్పుడూ అదే తేదీ.

అవతలి లాయరు ఏమంటారో ముందే ఊహించాం. బడిలో చేర్చేటప్పుడు కూడా నోటితో చెప్పిన తేదీయే కదా, ఆధార్‌కూ దానికీ తేడా ఏముంది అంటారు. అందుకే ఇంకా వెనక్కి వెళ్లాం. ఈ పని చేసింది మా పెద్దమ్మల్లో ఒకరు. ఆ ఊరి అంగన్‌వాడీలో గోడ పక్కన ఒక ఇనప పెట్టె ఉంది, పాత రిజిస్టర్లన్నీ అందులో. తాళం చెవి పోయింది, పాత ఆయమ్మ ఇంటికెళ్లి వెతికి తెచ్చారు. చెదలు సగం తిన్నాయి. మూడో రోజు 2004–05 పిల్లల బరువుల పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు లేవు. ఆగస్టు పేజీలో అమ్మ పేరు, పక్కన 'ఆడ', 'ఒక నెల', బరువు 3 కిలోల 200 గ్రాములు, సూపర్‌వైజర్ పొట్టి సంతకం. ఆమె నాకు ఫోన్ చేసి ఆ గీత మొత్తం చదివి వినిపించింది. నేను బస్సులో ఉన్నా, పక్కనున్నవాళ్లు చూస్తున్నారని కూడా అనుకోకుండా ఏడ్చేశాను.

మన జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన ఊరు దూబగుంట గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ పెద్దమ్మకు పుస్తకాలు వెతకడం, పేజీ చూసి పట్టుకోవడం అక్కణ్నుంచే వచ్చింది. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించడం, రోశమ్మగారి ఊరు పేరు దేశమంతా తెలియడం, 1992లో మన జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకపోవడం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం, ఇవన్నీ మన జిల్లావాళ్లకు కొత్తవి కాదు. ఆమె అప్పట్లో ఊరూరా తిరిగి ఏ ఇంట్లో కూలిడబ్బుల్లో ఎంత సారాకు పోతోందో నోటుపుస్తకంలో రాసేది. చట్టం తెచ్చుకున్నారు, పోగొట్టుకున్నారు కూడా. ఆ పుస్తకాలు మాత్రం ఇంకా ఆమె దగ్గర ఉన్నాయి.

పిటిషన్ జూన్‌లో కోర్టులు తెరిచాక నెల్లూరులో వేశాం. చట్టంలో 'జిల్లా కోర్టు' అని ఉంటుంది, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట దాన్నే అలా లెక్కేయాలి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలోనే ఉంది కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఖర్చుల భారం తగ్గింది. గడువుకు ఇంకా మూడు వారాలుంది.

పిటిషన్ వేసే ముందు అమ్మాయితో ఒక సాయంత్రమంతా మాట్లాడాం. నాకు ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన గంటలు అవే. పెళ్లినాటికి మైనర్‌ని అని రాస్తున్నాం, బాబు పుట్టిన తేదీ రాస్తున్నాం, ఈ రెండూ ఒక కాయితం మీదికి వచ్చాక మీ మామ మీద పోక్సో కేసు రాకుండా ఆపడం మా చేతుల్లో లేదమ్మా, నీ చేతుల్లో కూడా లేదు అని చెప్పాం. తను చాలాసేపు మాట్లాడలేదు. "కొట్టినందుకు అడగండక్కా, చదువు మానిపించినందుకు అడగండి. జైలుకి పంపిస్తే మా అమ్మమ్మ నా మొకం చూడదు" అంది. అబద్ధం రాయలేం, నిజం కొంత దాచి కూడా రాయలేం అన్నాం. రెండు రోజులు గడువడిగి వెళ్లింది. మూడో రోజు వచ్చి సంతకం పెట్టింది. హింసకు గురైన ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సఖి సెంటర్‌లో ఉండటానికి చేరినప్పుడు అక్కడి కౌన్సెలర్ చట్టం చెప్పినట్టే పోలీసులకు తెలియజేశారు, ఎఫ్ఐఆర్ అయింది. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలంలో అమ్మాయి జరిగింది జరిగినట్టు చెప్పి, చివర తనకేం కావాలో కూడా చెప్పింది.

దాని ఫలితం చూడండి. మామ ఏప్రిల్‌లో మా ఆఫీసుకొచ్చి, బిడ్డను చూడనిస్తే చాలు, పెళ్లి తెంచుకుంటే తెంచుకోండి అన్న మనిషి. ఎఫ్ఐఆర్ తర్వాత మా పిటిషన్‌కు జవాబుగా వేసిన కౌంటర్లో అమ్మాయికి పెళ్లినాటికి పందొమ్మిదేళ్లు, ఆధారే రుజువు, ఆస్పత్రి కార్డే రుజువు అన్నాడు. ఆయన లాయరు తప్పు కాదది. రద్దు కేసులో వయసు ఒప్పుకుంటే క్రిమినల్ కేసులో మెడ మీదికి వస్తుంది. రెండు నెలల్లో తేలాల్సిన కేసు ఏడాది నడిచింది, అమ్మాయి బోనులో నిలబడి తన వయసు తనే రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఈలోపు కొట్టడం ఆపించడానికి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో సెక్షన్ 12 దరఖాస్తు వేసి రక్షణ ఆర్డరు తెచ్చుకున్నాం. పెళ్లే చెల్లదంటున్నావు, మళ్లీ భార్యగా ఎలా వస్తావని అవతలివాళ్లు అడిగారు. అప్పుడు పనికొచ్చింది ఆ చట్టంలోని 'గృహ సంబంధం' నిర్వచనం. పెళ్లి బంధం ఒక్కటే కాదు, రక్తసంబంధం, పెళ్లిలాంటి సహజీవనం కూడా అందులో ఉన్నాయి. భర్త కాదంటే మేనమామ, ఎటైనా ఒకే ఇంట్లో ఉన్నారు. దీని వెనకా ఒక కథ ఉంది. ప్రభుత్వం 2002లో పార్లమెంటులో పెట్టిన మొదటి బిల్లులో అలవాటుగా కొడుతుంటేనే హింస, తన ఆస్తినో తనను తానో కాపాడుకోవడానికి కొడితే హింస కాదు అన్నట్టు రాశారు. ఇందిరా జైసింగ్‌గారి లాయర్స్ కలెక్టివ్ అంతకుముందే తమ ముసాయిదా ఒకటి తయారు చేసి ఉంది. దేశంలోని మహిళా సంఘాలు ఆ ప్రభుత్వ బిల్లు వద్దని పట్టుబట్టాయి, విషయం పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకెళ్లింది, చివరికి 2005లో వచ్చిన చట్టంలో ఒక్కసారి కొట్టినా హింసే, మాటలతో హింసించినా, డబ్బివ్వకుండా మాడ్చినా హింసే, ఉన్న ఇంట్లో ఉండే హక్కుంది. 2002 నాటి బిల్లే చట్టమై ఉంటే మా దరఖాస్తు మొదటి వాయిదాలోనే పోయేది.

ట్రయల్ నడుస్తుండగా 2024 అక్టోబర్‌లో ఒకే వారంలో సుప్రీంకోర్టు నుంచి రెండు తీర్పులొచ్చాయి. 18న వచ్చింది బాల్యవివాహాల మీద, సొసైటీ ఫర్ ఎన్‌లైటెన్‌మెంట్ అండ్ వాలంటరీ యాక్షన్ అనే సంస్థ 2017లో వేసిన పిటిషన్‌లో. జిల్లాస్థాయిలో బాల్యవివాహ నిషేధ అధికారిగా వేరే పనుల్లేని మనిషిని పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది. మన దగ్గర ఈ పని తహసీల్దార్‌కో, అంగన్‌వాడీలు చూసే సీడీపీఓకో ఇంకో ఇరవై పనులతోపాటు అంటగడతారు కాబట్టి ఇది చాలా అవసరమైన మాట. 24న వచ్చింది ఒక మోటారు ప్రమాదం కేసులో, పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదు, బడి సర్టిఫికెట్‌నే తీసుకోవాలని. అది మాకు దేవుడు పంపినట్టే వచ్చింది.

సాక్ష్యాల రోజు అమ్మాయి తల్లి బోనెక్కింది. సొంత తమ్ముడికి ఎదురుగా. వయసెలా గుర్తుందమ్మా అని అడిగితే, "సునామీ వచ్చిన రోజు ఈ బిడ్డ నాకు ఐదో నెల బిడ్డ సార్. చంకలో ఏసుకోని రైలుకట్ట దాకా పరిగెత్తినాం" అంది. సునామీ 2004 డిసెంబర్ 26న. జూలై నుంచి లెక్కపెట్టుకుంటే ఐదు నెలలు. బరువుల పుస్తకం, అడ్మిషన్ రిజిస్టరు, పాస్ మెమో, అమ్మ చెప్పిన సునామీ, నాలుగూ ఒకేచోట కలిశాయి. తల్లీబిడ్డ కార్డు అసలుదాన్ని జడ్జిగారు కిటికీ వైపు పట్టుకుని చూశారు.

2025 జూలైలో పెళ్లి రద్దయింది. మనోవర్తి నెలకు నాలుగు వేలు, బాబు అమ్మ దగ్గరే, తండ్రికి నెలకు రెండు రోజులు చూసే హక్కు. బంగారంలో కమ్మలు తిరిగొచ్చాయి, నానుతాడు ఎప్పుడో కుదువలో పోయింది, దాని కోసం ఇంకా అమలు పిటిషన్ నడుస్తోంది. మొదటి మూడు నెలలు మనోవర్తి వచ్చింది, తర్వాత ఆగింది, మళ్లీ వచ్చింది.

కేసు అయ్యాక మేం చేసిన పని గురించి చెప్తాను. మా దగ్గర గత ఆరేళ్లలో వయసు దిద్దిన కార్డులున్న కేసులు ఇంకో మూడు దొరికాయి. నాలుగింటినీ పేర్లు తీసేసి, కార్డు ఫొటోలు జతచేసి, పదకొండు పేజీల నోట్ రాశాం. బాలల హక్కుల మీద పనిచేసే రాష్ట్రస్థాయి వేదిక ఒకటి విజయవాడలో సమావేశం పెడితే అక్కడికి తీసుకెళ్లాం. అడిగింది ఒక్కటే. పెళ్లి రద్దు అడిగిన అమ్మాయి పిటిషన్‌లో రాసింది దానంతటదే క్రిమినల్ కేసుగా మారకూడదు, కేసు పెట్టాలా వద్దా అన్నది మేజర్ అయిన ఆ అమ్మాయి నిర్ణయంగా ఉండాలి. దీనికి కొంచెం దగ్గరగా సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న ఒక మాట చెప్పింది కూడా, మైనర్ గర్భస్రావానికి వస్తే, వాళ్లు కోరితే డాక్టర్ పోలీసులకు ఇచ్చే సమాచారంలో పేరు చెప్పనక్కర్లేదని. ఆస్పత్రికి భయపడి రాకుండా పోతారన్నదే అక్కడా కారణం. కాన్పుకొచ్చే పిల్లకు ఆ వెసులుబాటు లేదు.

సమావేశంలో అందరూ ఒప్పుకోలేదు. అత్యాచారం కేసుల్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క లేచి, "ఇరవై ఏడేళ్ల మనిషి పదిహేనేళ్ల పిల్లతో కాపురం చేశాడు. కుటుంబం ఒత్తిడి మీద ఆ అమ్మాయి వద్దంటే వదిలేద్దామా? అప్పుడు ప్రతి అమ్మాయి చేతా వద్దనిపిస్తారు" అంది. ఆమె చెప్పిందాంట్లో నేను కాదనగలిగింది చాలా తక్కువ. ఇంకొందరు కర్ణాటకలోలాగా పెళ్లే మొదటినుంచీ చెల్లదని చట్టం మార్చాలన్నారు. అక్కడ 2017లో అలా సవరించారు. నేను దానికి ఒప్పుకోలేదు. ఇష్టపడో విధిలేకో కాపురంలో ఉండిపోయిన అమ్మాయిలకు పెళ్లే లేదంటే రేపు ఆ ఇంట్లో వాళ్ల స్థానం ఏంటి? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది, దేశంలో అది 23.3 శాతం. అంతమందిని ఒక్క సవరణతో పెళ్లికానివాళ్లను చేయడం నాకు భయంగా ఉంది. తెంచుకునే హక్కు వాళ్ల చేతిలో ఉంచి, రెండేళ్ల గడువును ఐదేళ్లు చేయమంటాను. పందొమ్మిదేళ్లకు చేతిలో బిడ్డతో ఉన్న పిల్లకు లాయరు దొరకడానికే రెండేళ్లు పడుతుంది.

పెళ్లి వయసును ఇరవై ఒకటి చేయాలని 2021లో బిల్లు వచ్చినప్పుడు కూడా సంఘాలు ఇలాగే రెండుగా చీలాయి. అది స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో లోక్‌సభ గడువు ముగియడంతో పోయింది. అప్పుడు నేను మద్దతిచ్చినదాన్ని. ఇప్పుడు అడిగితే, ఇంకో మూడేళ్లపాటు ఇంకెన్ని కార్డులు దిద్దుతారోనన్నదే నాకు ముందు గుర్తొస్తుంది.

మా నోట్ ఎక్కడిదాకా వెళ్లిందంటే, వేదికవాళ్లు మిగతా జిల్లాల కేసులతో కలిపి పంపడానికి ముసాయిదా తయారు చేస్తున్నారు. అనంతపురం, కర్నూలు నుంచి వచ్చినవాళ్లు కూడా తమ దగ్గరి కార్డులు తెచ్చి బల్లమీద పరిచారు. కొన్నింటిలో దిద్దింది నీలి సిరా, కొన్నింటిలో నల్ల సిరా, ఒకదాంట్లో వైట్‌నర్ పూసి రాశారు.

అమ్మాయి ఓపెన్ ఇంటర్‌లో చేరింది, సీఈసీ. పగలు కావలిలో ఒక టైలరింగ్ షాపులో కాజాలు కుడుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించడానికి పాస్ మెమో, కోర్టు ఆర్డరు పట్టుకుని సెంటర్‌కు రెండుసార్లు వెళ్లొచ్చాం, ఇంకా కాలేదు. పోక్సో కేసు నెల్లూరు ప్రత్యేక కోర్టులో ఉంది. మామ బెయిల్ మీద ఉన్నాడు. అమ్మమ్మ ఏడాదిగా మనవరాలితో మాట్లాడటం లేదు గానీ బాబు పుట్టినరోజుకు ఎవరిచేతో అరిసెలు పంపింది. వచ్చే వాయిదాకు సాక్షుల సమన్లు వచ్చాయి. మొదటి పేరు అమ్మమ్మదే. ఆమె ఏం చెప్తుందోనని అమ్మాయి నన్ను రోజూ అడుగుతోంది.